చిన్న కప్పు

మా అన్నయ్య షెబ్వానా గురించి మొంబాసా పాత రేవులో ఎవరిని అడిగినా రెండు మాటలు చెబుతారు. పడవ నడపడంలో మొనగాడు. క్లినిక్ వరసలో అందరికంటే పెద్ద కప్పు తాగేవాడు. హెరాయిన్ మాన్పించడానికి రోజూ పోసే మెథడోన్ మందు అది. పెద్ద కప్పు తాగేవాడికి వరసలో పెద్దరికం. కప్పు తగ్గిందా, నిన్నగాక మొన్న చేరినవాడి కింద జమ. మగాళ్ల గొప్పలకి మందు కూడా అడ్డు కాదు.

ఆ క్లినిక్‌లో పాఠాలు చెప్పేది నేనే. అన్నయ్య నా పాఠంలో ఎప్పుడూ గురకపెట్టేవాడు.

రంజాన్‌లో తెల్లవారకముందే తాగమని సీసాలు ఇంటికిచ్చారు. పండగనాడు పొద్దున్న చాప ఎత్తితే కింద మూత తియ్యని సీసాలు కనబడ్డాయి. నెల చివరి పదిరోజుల సీసాలన్నీ అలాగే ఉన్నాయి. అన్నయ్య మలేరియా అంటూ ముసుగుతన్ని వణికింది మందు మానేసినందుకన్నమాట.

"మత్తు ఒంట్లో పెట్టుకుని చేసేది ఏం ఉపవాసమే?" అన్నాడు.

ఈ పూట పెద్ద కప్పు తాగితే మళ్లీ లేవడు. నర్సుకి చెప్పమన్నాను. పండగపూట అందరిముందూ చిన్న కప్పు తాగి పరువు పోగొట్టుకోనన్నాడు. అయితే నేనే చెబుతానన్నాను.

"నా నోరు నాకుంది," అన్నాడు.

క్లినిక్ దగ్గర అత్తరు వాసనలు, కౌగిలింతలు. తోపుడుబండి అథుమాని 'పెద్ద కప్పు కెప్టెన్ వచ్చాడు, జరగండి' అంటూ దారిచ్చాడు. ఇంట్లో తాగుతూనే ఉన్నాడనుకుని నర్సు న్యేవు ఎప్పటిలాగే పోసింది. అన్నయ్య కప్పు అందుకున్నాడు. నేను నోరు తెరిచేలోగా దాన్ని బల్ల మీద పెట్టేశాడు.

"సిస్టర్, చిన్నది పొయ్యండి. పదిరోజులుగా తాగలేదు."

వరసంతా గొల్లున నవ్వింది. కెప్టెన్‌గారికి ఇక పాలసీసా కొనాలని అథుమాని అందరికంటే గట్టిగా నవ్వాడు. అన్నయ్య వెనక్కి తిరిగాడు.

"నవ్వరా, నవ్వు. అరుగు మీదికి రోజూ చుట్టాలు దిగబడతుంటే ఇంటావిడ ఏం చేస్తది? పీటలు లోపల దాచేస్తది, కొత్తవి చేయించదు. మన ఒంట్లో కణాలూ అంతే. మందుని పట్టుకునే రిసెప్టర్లని తగ్గించేసుకుంటాయి. అందుకే మనకి పెద్ద కప్పు కావాల్సొచ్చింది, మొనగాళ్లమని కాదు. చుట్టాలు రావడం మానేస్తే పీటలు మళ్లీ బయటికొస్తాయి. అప్పుడు పాత గుంపంతా ఒక్కసారే వచ్చి కూర్చుందనుకో, ఊపిరి ఆగిపోద్ది."

పాఠం నాదే. పీటలు మాత్రం అన్నయ్యవి. ఇన్నేళ్లు చెప్పినా నాకు తట్టని మాట గురకపెట్టినవాడి నోట విన్నాను. వీడు మా అన్నయ్య అని రేవంతా వినబడేలా అరవాలనిపించింది.

నర్సు డాక్టరుని అడిగొచ్చి చిన్న కప్పు పోసింది. అన్నయ్య అందరూ చూస్తుండగా తలెత్తుకుని తాగాడు.

తర్వాతి వంతు అథుమానిది. వాడు ఇప్పుడు నవ్వడం లేదు. నర్సు పెద్ద కప్పు తియ్యబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"నేనూ సీసాల మూత తియ్యలేదు సిస్టర్," అన్నాడు మెల్లగా. "నాకూ చిన్నదే."

అన్నయ్య జరిగి, బల్ల దగ్గర వాడికి చోటిచ్చాడు.