నా మీద మిగిలిన ముప్పై అయిదు

నేను ఒక రోలప్ బోర్డును. గజంన్నర కాన్వాసు గుడ్డ, రెండు పూతల నల్లరంగు, పైనా కిందా రెండు కర్రలు. అంతే నా ఒళ్ళు. టీచర్ ట్రైనింగ్ కాలేజీలో లెక్కలు బోధించడం నేర్పే కోటిలింగం మాస్టారు నన్ను చేయించారు. అప్పటినుంచి ట్రైనీల చంకల్లో బస్సులెక్కి పల్లె బళ్ళన్నీ తిరిగాను. చాపనుకుని పరవబోయిన ముసలమ్మలూ ఉన్నారు.

మాస్టారిది ఒకటే మాట. "జవాబు తెలిసిన పిల్లకి మీరెందుకమ్మా? తెలియని పిల్లని లేపండి. తప్పు చెబితే రాయండి. ఎలా వచ్చిందో అడగండి. అక్కడే మీ పాఠం మొదలు."

ట్రైనీలు తలలూపి నోట్సులో రాసుకునేవారు. పరీక్షనాడు మాత్రం ఎవరి జాగ్రత్త వారిది.

సలోమి ఒక్కతే ఆ మాట నమ్మింది. ఇద్దరు బిడ్డల తల్లి, ఆలస్యంగా చదువుకొచ్చింది. ఈ ఏడు ప్రాక్టికల్ పాసైతేనే టీచరు ఉద్యోగానికి పరీక్ష రాయగలదు. వచ్చే ఏటికి వయసు దాటిపోతుంది.

ప్రాక్టికల్ రోజున ఓ పల్లె బడికి బయటి ఊరి నుంచి ఎగ్జామినరు వచ్చారు. తోటి ట్రైనీలు మూడో తరగతి పిల్లలకు ముందే కిటుకు నేర్పి పెట్టారు. ప్రశ్న అడగ్గానే అందరూ చెయ్యెత్తాలి. తెలిస్తే కుడిచెయ్యి, తెలియకపోతే ఎడమచెయ్యి. చూసేవారికి క్లాసంతా సరస్వతులే. పొద్దుటినుంచి నలుగురు ట్రైనీలు కుడిచెయ్యి ఎత్తిన పిల్లలనే లేపి శభాష్ అనిపించుకున్నారు.

సలోమి నా మీద యాభై రెండులోంచి ఇరవై ఏడు తీసివేత వేసింది. చేతులన్నీ లేచాయి.

"కుడిచెయ్యి చూసుకో అక్కా!" గుమ్మం దగ్గర నుంచి తోటి ట్రైనీ పద్మజ గుసగుసలాడింది.

సలోమి ఎడమచెయ్యి ఎత్తిన నాంచారిని లేపింది.

"ముప్పై అయిదు టీచర్."

సలోమి అదే రాసింది. "ఎలా వచ్చిందే తల్లీ?"

"రెండులో ఏడు పోదుగా! అందుకని ఏడులోనే రెండు తీసేశా."

క్లాసు గొల్లుమంది. సలోమి నవ్వలేదు. చింతపిక్కలు పోసి, "లెక్కపెట్టి తియ్యి, చూద్దాం" అంది. నాంచారి నేల మీద కూర్చుని నింపాదిగా లెక్కపెడుతోంది. ఎగ్జామినరు గడియారం చూశారు. వెనక నిలబడ్డ మాస్టారు నోరు మెదపకూడదు, అది రూలు. చేతులు మాత్రం నలుపుకుంటున్నారు. నేను గోడకు వేలాడుతున్నాను. తప్పు నా ఒంటి మీదే ఉంది, చెరుపుకోలేను.

బెల్లు కొట్టారు.

"తప్పు జవాబు బోర్డు మీదే వదిలేశావు. పాఠమూ పూర్తి కాలేదు." ఎగ్జామినరు మార్కులేసి, కవరు అంటించి, జీపెక్కారు. "సార్, ఒక్క రెండు నిమిషాలు..." అంటూ మాస్టారు గేటుదాకా వెళ్ళి, దుమ్ములో కాసేపు నిలబడి తిరిగొచ్చారు.

"నేను తప్పు చేశానా సార్?"

"నేను చెప్పిందే చేశావమ్మా."

సలోమి నన్ను చుట్టి తాడు కట్టింది. అప్పుడు అరిచింది నాంచారి.

"టీచర్! ఇరవై అయిదే మిగిలినయ్యి!"

సలోమి కొంగుతో కళ్ళొత్తుకుంది. పిల్ల బిక్కమొహం వేసింది.

"మళ్ళీ తప్పేనా టీచర్?"

"కాదమ్మా. కరెక్టే."

అది రాయడానికి నన్నెవరూ విప్పలేదు. తెచ్చి కాలేజీ స్టోరు గదిలో మూలన నిలబెట్టారు. లోపల ఇంకా ముప్పై అయిదే ఉంది.