మిద్దె మీది నీళ్లు

గల్ఫ్‌లో, ఏషియన్ టౌన్ దగ్గర్లోని ఆ వలస కూలీల క్యాంపులో శుక్రవారం వచ్చిందంటే కుళాయిలన్నీ ఒక్కసారే పారేవి. వారమంతా ఎండలో పనిచేసిన మనుషులు సెలవు రోజున తనివితీరా స్నానం చేసి, బట్టలు ఉతుక్కునేవాళ్లు.

ఆ శుక్రవారం పొద్దున వంటమనిషి రఫీక్ ఫోను పట్టుకుని కంగారుగా బయటికొచ్చాడు. జగిత్యాల మనిషి.

"నీళ్ల ట్యాంకర్ ఖరాబైందంట! ఆదివారం దాంక రాదంట!"

కదిరి నుంచి వచ్చిన ప్లంబర్ అమర్నాథ్ గబగబా మిద్దెక్కి ట్యాంకు మూత ఎత్తాడు. నీళ్లు సగానికి తక్కువే ఉన్నాయి. చూస్తుండగానే ఇంకా దిగిపోతున్నాయి. అతడు మరో ఆలోచన లేకుండా వాల్వు మూసేశాడు.

కింద అరుపులు మొదలయ్యాయి. ఒంటినిండా సబ్బు నురగతో సమద్ పైకి దూసుకొచ్చాడు. హైదరాబాదీ, ఆజానుబాహువు. క్యాంపులో అతనికి ఎవరూ ఎదురు చెప్పరు.

"ఏందిరా నీ దాదాగిరి? తెరువ్!"

అమర్నాథ్ వాల్వు మీంచి చెయ్యి తియ్యలేదు.

"తెరిస్తే మధ్యాహ్నానికే అయిపోతాయన్నా. రేపు డ్యూటీ నుంచి వచ్చినాక మొగం కడుక్కునేదానికి గూడా ఉండవు. నువ్వే చూడు."

సమద్ ట్యాంకులోకి తొంగి చూశాడు. కోపం దిగింది.

"మరి ఈ సబ్బు?"

"ఒక బకెట్ ఇస్తా, కడుక్కో."

ఆ బకెట్‌తోనే స్నానం ముగించి, సమద్ వెళ్లి మెట్ల దగ్గర నిలబడ్డాడు.

"ముందు వంటకు. తర్వాత మనిషికి రోజుకొక బకెట్. బట్టలు ఉతుకుడు మాఫీ, లేనే లేదు! ఇంకో బకెట్ కావాలంటే నాతోని మాట్లాడాలె."

గొణిగినవాళ్లు గొణిగారు. కానీ శనివారం సాయంత్రం ఒంటినిండా దుమ్ముతో తిరిగొచ్చి, బకెట్ నీళ్లు ఒంటిమీద పోసుకున్నాక ఆ గొణుగుడు ఆగిపోయింది. రఫీక్ బియ్యం కడిగిన నీళ్లతోనే గిన్నెలు తోమాడు. జ్వరంతో పడుకున్న నేపాలీ కుర్రాడికి ఇద్దరు తమ వంతులోంచి నీళ్లు పంచారు.

ఆదివారం పొద్దున డ్యూటీకి బయల్దేరకముందే పక్క క్యాంపు వాళ్లు ఖాళీ క్యాన్లతో గేటు దగ్గరికొచ్చారు. వాళ్లకూ వచ్చేది అదే ట్యాంకర్, వాళ్ల ట్యాంకు ముందురోజే ఎండిపోయింది.

"కొంచెం ఇస్తారా భయ్యా?"

అందరూ అమర్నాథ్ వైపు చూశారు. అతడు మిద్దెక్కి, ట్యాంకులో చూసి, గొంతెత్తి అరిచాడు.

"మనకు పోనూ ఉండాయి! క్యాన్లు తెమ్మనండి!"

వాల్వు తిప్పాడు. క్యాన్లు ఒకటొకటే నిండుతుంటే రెండు క్యాంపుల వాళ్లూ చప్పట్లు కొట్టారు. రఫీక్ పళ్లెం మీద గరిటెతో దరువేశాడు.

సాయంత్రం ట్యాంకర్ వచ్చింది. మిద్దెక్కి పైపు దించబోయిన డ్రైవర్ ట్యాంకులోకి చూసి ఆశ్చర్యంగా కిందికి అరిచాడు.

"అరే, ఇంకా పానీ ఉంది కదా!"

కింద సమద్ అమర్నాథ్‌ను అమాంతం భుజాల మీదికెత్తుకున్నాడు.

"ఉండదా మరి? కాపలా ఎవరనుకున్నవ్!"

పడిపోతానని అమర్నాథ్ అరుస్తున్నా వినకుండా, మనుషులంతా ఈలలేస్తూ వెంటరాగా, క్యాంపు చుట్టూ ఊరేగించాడు.