పై వాటాలో పగటి ఫ్యాను

నన్ను ఎవరూ వెలిగించరు, ఎవరూ ఆర్పరు. నా పని కరెంటుకు కాపలా. అరచేతిలో ఇమిడే తెల్ల డబ్బాను నేను, నాకు రెండు నల్ల వైర్లు, ఒక్కో వైరు చివర ఒక ఉంగరం. ఆ ఉంగరాన్ని ఇంట్లోకి వెళ్ళే తీగకు తొడిగితే చాలు, ఎంత కరెంటు పోతోందో లెక్కగట్టి యజమాని ఫోనుకు చేరవేస్తాను. తీగను కోయనక్కర్లేదు, చప్పుడు చెయ్యను, తిండి అడగను. ఎంత అన్నది నాకెప్పుడూ తెలుస్తుంది. ఎందుకు అన్నది తెలుసుకునే సదుపాయం మాత్రం నాలో పెట్టలేదు. పెడితే ధర పెరిగేది కాబోలు.

పుట్టింది ఉత్తరాదిన ఒక రేకుల షెడ్డులో. నా మూత బిగించిన అమ్మాయికి ఆ రోజు జలుబు. బిగిస్తున్నంతసేపూ తుమ్ముతూనే ఉంది. అందుకే నా మరల్లో ఒకటి ఇప్పటికీ కాస్త వదులు. మొదట నన్ను కొన్నది రాజమండ్రిలో ఒక ఐస్‌క్రీం పార్లరు ఆసామి. ఫ్రీజర్లు ఎంత కరెంటు తింటున్నాయో తెలుసుకోవాలనుకున్నాడు. తెలుసుకున్నాడు. తెలుసుకున్న కొద్ది రోజులకే పార్లరు మూసేశాడు. అక్కడి నుంచి పాత సామాన్ల దుకాణంలో గాజు బీరువాకూ, బీరువాలోంచి విశ్వపతిగారి చేతిసంచీలోకీ వచ్చిపడ్డాను. సంచీలో బెండకాయల పక్కన కూర్చుని కాకినాడ చేరాను.

మంగిపూడి విశ్వపతిగారు పోస్టుమాస్టరుగా చేసి రిటైరయ్యారు. మనిషి మంచివారు. ఆ సంగతి ఆయనకు కూడా తెలుసు. "ఊళ్ళో ఉత్తరాలన్నీ నా చేతి మీదుగా వెళ్ళాయి. ఒక్కటి విప్పి చూశానా?" అన్నది ఆయన జీవితసారం. పెళ్ళిళ్ళలోనూ, బస్సులోనూ, అప్పుడప్పుడు కూరగాయల బేరంలోనూ ఆ మాట వచ్చేది.

కింద వాటాలో ఆయనా, భార్య రాజ్యలక్ష్మిగారూ ఉండేవారు. పై వాటాలో అద్దెకు వీరభద్రం, నూకరత్నం దంపతులు. వీరభద్రం రొయ్యలు ఎగుమతి చేసే ఒక కంపెనీలో స్టోర్‌కీపరు. నూకరత్నం రక్తపరీక్షలు చేసే ల్యాబులో పనిచేసేది. రెండు వాటాలకీ కరెంటు మీటరు ఒక్కటే. బిల్లు వచ్చినప్పుడల్లా ఎవరి వాటా ఎంత అన్నది మర్యాదగా నలిగేది. "మీరెంతంటే అంతేనండి" అని వాళ్ళూ, "అబ్బే, మీరే చెప్పండి" అని వీరూ. ఆ మర్యాద భరించలేకే ఆయన నన్ను కొన్నారు.

ఎలక్ట్రీషియన్ వచ్చి ఒక ఉంగరం కింద వాటా తీగకూ, రెండోది పై వాటా తీగకూ తొడిగి వెళ్ళాడు. పైవాళ్ళు ఇంట్లో లేరు.

"వాళ్ళతో ఓ మాట చెప్పండి," అన్నారు రాజ్యలక్ష్మిగారు.

"చెప్పడానికేముంది? లెక్క కోసమేగా."

"లెక్క కోసమే అయితే చెప్పడానికేం?"

విశ్వపతిగారు పేపరు అడ్డం పెట్టుకున్నారు. ఆ ఇంట్లో చర్చలు ముగిసే పద్ధతి అది.

మొదట్లో ఆయన ఫోను చూసేది కింద వాటా కోసమే. గీజరు ఆపమని భార్యను రెండుసార్లు కేకేశారు. ఆవిడ మూడోసారి, స్నానం కూడా మీరే చేసి పెట్టండి అన్నారు. దాంతో కింద వాటా మీద ఆసక్తి తగ్గింది. పై వాటా మీద పెరిగింది. అక్కడ కేకేసే పని లేదు, ఊరికే చూడవచ్చు. గీత నిటారుగా లేస్తే మిక్సీ, పొడుగ్గా లేచి ఆగితే ఇస్త్రీపెట్టె. పట్టుకుంటే ఇంత తేలికా అనుకున్నారు. ఉదయం కాఫీ, పేపరు, పై వాటా. ఆ వరసలో ఆయన రోజు మొదలయ్యేది.

ఆ రోజుల్లోనే వీధికి స్మార్ట్ మీటర్లు వస్తాయని వార్త వచ్చింది. ఆదివారం సాయంత్రం వీధివాళ్ళంతా కల్యాణమండపం వరండాలో చేరారు. బిల్లు రెట్టింపవుతుందని ఒకరు, దాన్నుంచి వచ్చే కిరణాలకు తలనొప్పి వస్తుందని ఒకరు, ఎక్కడో ఆఫీసులో కూర్చుని మీట నొక్కి మన కరెంటు ఆపేస్తారని ఒకరు అన్నారు. చివర విశ్వపతిగారు లేచారు.

"తలనొప్పి సంగతి డాక్టర్లు చూసుకుంటారు. నా బాధ వేరు. మనం ఎప్పుడు లేస్తున్నాం, ఎప్పుడు పడుకుంటున్నాం, ఇంట్లో ఎవరున్నారు, ఎవరు లేరు, అన్నీ ఆ మీటరు చెప్పేస్తుందట! మన ఇల్లు అంటే మూసిన కవరండీ. ఊళ్ళో ఉత్తరాలన్నీ నా చేతి మీదుగా వెళ్ళాయి. ఒక్కటి విప్పి చూశానా?"

చప్పట్లు మోగాయి. అందరికంటే గట్టిగా కొట్టింది ముందు వరసలో ఉన్న నూకరత్నం. ఆయన కూర్చుని, జేబులోంచి ఫోను తీసి చాటుగా చూసుకున్నారు. పై వాటాలో గీత నిటారుగా లేచింది. "వీరభద్రం పచ్చడి రుబ్బుతున్నాడు," అని రాజ్యలక్ష్మిగారి చెవిలో చెప్పారు. ఆవిడ కొంచెం పక్కకు జరిగి కూర్చున్నారు.

ఎండలు ముదిరాక పై వాటాలో కొత్త గీత ఒకటి ఆయన కంటపడింది. మొగుడూ పెళ్ళాలిద్దరూ పనికి పోయాక, పగటిపూట, నేలకు ఆనినట్టు చిన్న గీత. ఒక్క ఫ్యాను, అదీ చాలా నెమ్మదిగా తిరిగే ఫ్యాను. మర్చిపోయి వెళ్ళారు కాబోలు అనుకుని ఆయన మెట్ల దగ్గర నూకరత్నాన్ని ఆపారు.

"అమ్మా, వెళ్ళేటప్పుడు ఫ్యాన్లు ఆపుతున్నారా?"

"ఆయ్, ఆపుతానండి బాబాయిగారు. రోజూ నేనే చూసుకుంటానండి."

మర్నాడు జాగ్రత్తగా గమనించారు. ఆమె అన్నది నిజమే. ఇద్దరూ వెళ్ళాక గీత పడుకుంది. ఎండెక్కాక మళ్ళీ లేచింది. ఆమె ఇంటికొచ్చే వేళకు కాస్త ముందు పడుకుంది. పై మెట్లు ఇంటి వెనక వైపు, ఎవరు ఎక్కినా దిగినా కిందివాళ్ళకు కనబడదు. మర్చిపోయిన ఫ్యాను తనంత తాను లేచి తిరగదు.

"పైన ఎవరో ఉంటున్నారు," అన్నారు భార్యతో, గొంతు తగ్గించి. "దొంగ."

"రోజూ వచ్చి ఫ్యాను కింద కూర్చుని వెళ్ళే దొంగేంటండీ?"

ఆయన ఆలోచించారు. దొంగ కాకపోతే ఎవరు? ఊహ ఇంకో దారి పట్టింది. భార్య లేనప్పుడు ఇంటికి వచ్చే మనుషుల గురించి ఆయన చాలా సినిమాలు చూసి ఉన్నారు. పాపం ఆ పిల్ల ల్యాబులో కష్టపడుతుంటే, అనుకున్నారు. ఇక చెప్పకపోవడం పాపమనిపించింది. నా అంకె ఎంత అన్నది చెప్పింది, ఎందుకు అన్నది ఆయన రాసుకున్నారు. భార్య దేవుడి గదిలో ఉన్న సమయం చూసి, నూకరత్నానికి ఫోను చేశారు.

"అమ్మా, కంగారు పడకు. మీ ఇంట్లో ఎవరో ఉన్నారు. ఉన్నపళంగా రా."

ఆమె ఆటోలో వచ్చింది, తెల్లకోటు విప్పకుండానే. విశ్వపతిగారు గొడుగు పట్టుకుని ముందు నడిచారు. పై తలుపు లోపల గడియ పెట్టి ఉంది. ఆయన గొడుగు కొసతో తలుపు బాదారు. "ఎవర్రా లోపల?"

ఫ్యాను ఆగింది. ఆ సంగతి నాకు అందరికంటే ముందు తెలిసింది. కాసేపటికి తలుపు తెరుచుకుంది.

గుమ్మంలో వీరభద్రం నిలబడి ఉన్నాడు. బనీను, లుంగీ. వెనక గోడ మేకుకు హ్యాంగరు మీద ఇస్త్రీ చొక్కా, ప్యాంటు. ముడతపడకుండా విప్పి తగిలించుకున్నాడు, సాయంత్రం మళ్ళీ వేసుకోవాలి కదా. నేల మీద లంచ్ బాక్సు, పొద్దున్న ఆమె సర్ది ఇచ్చిందే, సగం తిని మూత పెట్టి ఉంది. పక్కన రేషను బియ్యం పళ్ళెంలో పోసి, రాళ్ళు ఏరి ఒక వైపు పెట్టాడు. గదిలో ఇంకెవరూ లేరు.

నూకరత్నం చొక్కా వైపు చూసింది. బాక్సు వైపు చూసింది. మొగుడి ముఖం చూసింది. అతను గుమ్మం మీద గీసిన ముగ్గు చూస్తున్నాడు.

ఆమె ఇటు తిరిగి, మామూలు గొంతుతో అంది:

"అయ్యో, నా మతి మండ! ఆయనకి నడుం నొప్పండి బాబాయిగారు. సెలవు పెట్టమని నేనే అన్నాను. మీతో చెప్పడం మర్చిపోయానండి."

"అలాగా," అన్నారు విశ్వపతిగారు, గొడుగు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక. "నడుం నొప్పికి వేడినీళ్ళ కాపడం మంచిది."

"ఆయ్, పెడతానండి," అని ఆమె లోపలికెళ్ళి తలుపు మూసింది. ఫ్యాను మళ్ళీ తిరిగింది. ఈసారి వేగంగా.

సాయంత్రం ఆమె ఒక్కతే కిందికి దిగివచ్చింది. రాజ్యలక్ష్మిగారు కుర్చీ వేశారు. కూర్చోలేదు.

"మా ఇంట్లో మనిషున్నట్టు మీకెలా తెలిసిందండీ?"

విశ్వపతిగారు చెప్పారు. లెక్క కోసమనీ, బిల్లు కోసమనీ. చెబుతున్నకొద్దీ మాటలు పొట్టివయ్యాయి. ఆమె చెయ్యి చాచింది. ఆయన ఫోను ఇచ్చారు. ఆమె వేలితో నిన్నటికి జరిపింది, మొన్నటికి జరిపింది. ప్రతి పగలూ ఆ చిన్న గీత ఉంది. ఇంకా వెనక్కి వెళ్ళింది. వేలు ఒక చోట ఆగింది.

"ఉగాది ముందు రోజు కూడా ఉన్నాడండీ ఇంట్లో. ఆ సాయంత్రం నాకు చీర తెచ్చాడు. కంపెనీలో బోనసిచ్చారన్నాడు."

ఆమె ఫోను బల్ల మీద పెట్టింది.

"వాళ్ళ సెక్షను మూసేశారంటండి. ఇవాళ అడిగితే చెప్పాడు. అడిగితే చెప్పాడండీ, అదీ నా బాధ. తనంత తనే నా దగ్గర కూర్చుని చెప్పుకోవలసిన మాట. ఇవాళ కాకపోతే రేపు చెప్పేవాడు. నాకు తెలుసండీ ఆయన. మాట కూడగట్టుకోడానికి టైము పడుతుంది, అంతే. మీరు గొడుగేసుకొచ్చి తలుపు బాదేశారు."

"తప్పుగా అనుకోకమ్మా, నీ మంచికే..."

"మంచికేనండి. కాదన్లేదు." కొంగుతో ముఖం తుడుచుకుంది. "స్మార్ట్ మీటర్లొద్దని ఆ రోజు మీరు మాట్లాడారు చూడండి, ఎంత బాగా చెప్పారో అనుకున్నానండి."

మెట్లెక్కి వెళ్ళిపోయింది. విశ్వపతిగారు పేపరు వెతుక్కున్నారు. అది ఆయన ఒళ్ళోనే ఉంది.

"ఆ ఉత్తరం మీకు రాసింది కాదండీ," అన్నారు రాజ్యలక్ష్మిగారు.

తర్వాతి కథ చిన్నది. స్మార్ట్ మీటర్లు వీధిలోకి వచ్చాయో లేదో నేను చూడలేదు. ఇప్పుడు నేనుండేది పాత తాళంచెవులు, పనిచెయ్యని టార్చిలైటు, ఒక పెళ్ళి శుభలేఖ ఉన్న బిస్కెట్ డబ్బాలో. ఇక్కడ కరెంటు లేదు, కాబట్టి నాకు తెలిసింది ఏమీ లేదు. అదీ ఒక సుఖమే. అయితే డబ్బాలోకి చేరే ముందు జరిగిన ఒక సంగతి చెప్పాలి.

మర్నాడు పొద్దున్న విశ్వపతిగారు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి నన్ను ఊడదీయించారు. ఉంగరాలు రెండూ చుట్టచుట్టి, పైవాళ్ళకు ఇచ్చేద్దామని నన్ను అరచేతిలో పట్టుకుని మెట్లెక్కారు. ఏమని ఇవ్వాలో కూడబలుక్కుంటున్నట్టు ప్రతి మెట్టుకూ ఆగారు. సగం మెట్ల మీద వీరభద్రం ఎదురయ్యాడు. పొద్దున్న వేళ, ఒంటి మీద లుంగీ. అన్నాళ్ళలో ఆ వేళకు అతన్ని లుంగీలో చూడటం అదే మొదలు. ఇద్దరూ ఒకరికొకరు దారివ్వబోయి, ఒకే పక్కకు జరిగి, చివరికి ఇద్దరూ మెట్ల మీదే కూర్చుండిపోయారు. నన్ను మధ్యలో పెట్టారు.

"ఇది తీయించేశానండీ," అన్నారు విశ్వపతిగారు.

వీరభద్రం నావైపు చూశాడు. చేతిలోకి తీసుకుని, వదులుగా ఉన్న మరను గోటితో తిప్పాడు. మళ్ళీ కింద పెట్టాడు.

"ఇంతేనా ఇది," అన్నాడు.

"ఇంతే."

వీధిలో ఎవరో కొత్తిమీర కేకేసుకుంటూ వెళ్ళారు. ఆ కేక మలుపు తిరిగేదాకా ఇద్దరూ విన్నారు. వీరభద్రం గొంతు సవరించుకున్నాడు.

"బాబాయిగారూ, మీకో మాట చెప్పాలండి. నా ఉద్యోగం..." అని ఆగాడు. "మీకు తెలిసే ఉంటుందిలెండి. రత్నం చెప్పేసుంటాది."

విశ్వపతిగారికి అంతా తెలుసు. ఏ రోజు నుంచి అన్నది తెలుసు, ఎన్ని గంటలు అన్నది తెలుసు, ఫ్యాను ఎంత నెమ్మదిగా తిరిగిందో కూడా తెలుసు. తెలిసిన మాట చెప్పకుండా ఉండటం ఆయనకు అలవాటు లేని పని. కళ్ళజోడు తీసి, పంచె అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"లేదయ్యా," అన్నారు. "నాకేమీ తెలీదు. మొదట్నుంచీ చెప్పు."