రెండు పేటల చెల్లెలు

మంగళవారం పొద్దున్న కాఫీ తాగుతుండగా శేషరత్నం ఎడమ మడమ దగ్గర విడిపోవడం మొదలవుతుంది. నెత్తురు రాదు. తెల్లటి దారం వస్తుంది, రెండు పేటలుగా. మధ్యాహ్నానికి చీలమండ ఉండదు.

డాక్టరు చూసి, చీటీ మీద మందు రాయకుండా ఒక మాట రాస్తాడు. "ఎలా పేని ఉందో కనుక్కుని అలాగే పేనండి. తప్పు పేనితే వేరే మనిషి వస్తుంది."

అక్క వకుళకు ఉన్నది ఒక్కతే చెల్లెలు. అయితే ఎక్స్‌రే ముందు దారం నిలబెట్టి, దాని లోపలి అల్లికను ఫొటో తీయడం తెలిసిన మనిషి వాల్తేరు మొత్తానికి వకుళ ఒక్కతే. బెత్తెడు దారం కత్తిరించుకుని లేబరేటరీకి పరుగెడుతుంది.

ఒక్క ఫొటోకు అరవై గంటలు పడుతుంది. ఆ లేబరేటరీలో దారాన్ని ఆరబెట్టి తీయడం ఆచారం. ఆరిన దారం ఫొటోలో ముగ్గు చుక్కల్లా సన్నటి చుక్కలు పడతాయి. తడి దారం ఫొటో అలుక్కుపోతుంది. అలాంటివి తీసేవాళ్లను చూసి పెద్దాయన చయనులుగారు ముక్కుతో నవ్వుతారు. వకుళ పనిమంతురాలు కదా, శుభ్రంగా ఆరబెడుతుంది.

దారం ఆరేకొద్దీ ఇంట్లో శేషరత్నం కుంచించుకుపోతుంది. శుక్రవారానికి నడుము దాకా విడిపోయి, మిగిలిన మనిషి తలగడంత ఉంటుంది. వకుళ చేతిలో మాత్రం నాలుగు వందల చుక్కలున్న చక్కటి ఫొటో ఉంటుంది. ఒక్క చుక్కా నోరు విప్పదు.

"నొప్పిగా ఉందా?" అని ఇంటికొచ్చి అడుగుతుంది.

"నొప్పి లేదు గానీ అక్కా, దాహంగా ఉందే. పొద్దస్తమానం దారాన్నే చూస్తున్నావు, నాకు గుక్కెడు నీళ్లివ్వలేదు."

వకుళకు సిగ్గుతో తల కొట్టేసినట్టవుతుంది. చెంచాతో నీళ్లు పోస్తుంది. దారం తాగుతుంది, సాగుతుంది. ఆ తడి దారంలోంచి బెత్తెడు లేబరేటరీకి తీసుకెళ్లి ఎక్స్‌రే ముందు పెడుతుంది. ఈసారి చుక్కల గొడవ లేదు, ఫొటో నిండా ఒకే ఒక్క నల్లటి ఇంటూ గుర్తు. అంటే దారం లోపలి అల్లిక మెలి తిరిగిన మెట్లన్నమాట. వకుళకు ప్రాణం లేచొస్తుంది.

వెంటనే ఇంటికి పోయి పేనడం మొదలుపెట్టాలా వద్దా? పెట్టదు. ఇంకొక్కసారి లెక్క సరిచూసుకుంటే తప్ప తన కళ్లను తానే నమ్మదు మహాతల్లి. ఫొటోను సొరుగులో పెట్టి తాళం వేస్తుంది. ఆ సొరుగుకు పక్కగది వైపు కూడా పిడి ఉంటుంది.

లెక్క ముగించి సొరుగు తీస్తే ఫొటో లేదు. వకుళ సొరుగులోంచి పాక్కుంటూ పక్కగదిలోకి వెళుతుంది. అక్కడ చయనులుగారు ఆ ఫొటో చూసి రేకు ముక్కలతో శేషరత్నాన్ని పైకప్పు దాకా నిలబెట్టేశారు. ఒక పేట పైకి పోతోంది, రెండోది కిందికి వస్తోంది. వకుళ లెక్కలో రెండూ పైకే పోతున్నాయి, తప్పు అక్కడుంది.

"ఇది మా చెల్లెలండీ."

"చాలా అందంగా వచ్చిందమ్మా," అంటారు చయనులుగారు ఆదరంగా. "మీ పేరు కూడా కింద చిన్నక్షరాల్లో వేయిద్దాం."

కోప్పడే తీరిక లేదు. ఇంటికి పరుగెడుతుంది.

మంచం మీద పేటలు దేనికది విడివిడిగా పడి ఉన్నాయి. ఎదురుచూసి విసిగిపోయాయి కాబోలు, ఒక్కో పేటా గాలిలోంచి తన జతను తానే అల్లుకుంటోంది. వకుళ ఏడుస్తూ వాటిని కలపబోయేలోపు ఇద్దరు శేషరత్నాలు లేచి కూర్చుంటారు.

"అక్కా," అంటుంది ఒకామె నోటి ఎడమ సగం.

"మీరెవరండీ?" అని అదే నోటి కుడి సగం మర్యాదగా అడుగుతుంది.

రెండో ఆమెలో అక్కను ఎరిగినది కుడి సగం; కొత్తగా అల్లుకున్న సగాలకు అక్క తెలియదు. వకుళ ఆ రెండు పాత సగాలనూ దగ్గరికి లాక్కుంటుంది. అవి చేతుల్లోనే మళ్లీ విడిపోతాయి. ఇద్దరూ నలుగురవుతారు, నలుగురూ ఎనిమిది మంది. గది చాలక వీధిలోకి, వీధి చాలక సముద్రపొడ్డుకి నడుస్తారు. అందరిదీ ఒకే ముఖం, ఒకే నడక. ఎంతమంది పుట్టినా తన చెల్లెలు మాత్రం ఆ గుంపులో రెండు సగాలే.

వకుళ ఒక్కొక్కరి గడ్డం పట్టుకుని, "నేనే, నేను," అంటుంది. వాళ్లు జాలిగా పక్కకు జరిగి దారి ఇస్తారు. అలల మీద కూడా వరుసలు కట్టి నిలబడి ఉన్నారు.

ఎక్కడో నీళ్ల చివర సగం నోరొకటి "అక్కా" అని పిలుస్తుంది. వకుళ పలికేలోపు ఆ వేలమందీ ఒక్కసారిగా "ఏమ్మా" అంటారు.