తలకిందుల చదువు

ఏనుగు తొండం కనిపించడం లేదు. తిప్పుతాత మోకాళ్ల మీద వంగి చాప కొస ఎత్తి చూశాడు. లేదు. పొట్టి అల్మారాల కింద చీపురు పెట్టి లాగితే ఒక రిబ్బను, రంగు పెన్సిలు ముక్క, ఎవరిదో చొక్కా గుండీ వచ్చాయి గానీ తొండం రాలేదు. చివరికి అది తన మోచేతికే అంటుకుని ఉందని తెలిసి, "నీ తెలివి తెల్లారినట్టే ఉంది" అని తనను తానే తిట్టుకున్నాడు. చిరిగిన ఆ ముక్కను పుస్తకంలో ఏనుగు మొహానికి ఆనించి, పైన టేపు అంటించి, బొటనవేలితో రుద్దాడు. కొంచెం వంకర వచ్చింది. తొండమే కదా, వంకరగా ఉంటే తప్పేం లేదులే అని సరిపెట్టుకున్నాడు.

గ్రంథాలయంలో మెట్ల వెనకాల, ఒకప్పుడు విరిగిన కుర్చీలు పడేసిన చోట ఉంటుంది పిల్లల గది. ఒక వెడల్పాటి కిటికీ, నేల మీద చాప, ఆయన కూర్చునే చెక్క స్టూలు, నడుమెత్తు అల్మారాలు. వాటిలో పుస్తకాలు అట్ట మీది బొమ్మ కనిపించేలా నిలబడి ఉంటాయి. రోజూ గది తెరిచే వేళకు ముందే వచ్చి, దుమ్ము తుడిచి, చిరిగినవాటికి అతుకులేసి, కింది అరలోవి పైకీ పై అరలోవి కిందికీ మారుస్తాడు. ప్రతి పుస్తకానికీ పొట్టివాళ్ల చెయ్యి అందే అదృష్టం ఎప్పుడో ఒకప్పుడు దక్కాలని ఆయన ఉద్దేశం.

ఆయనకు అసలు పేరొకటి ఉంది గానీ దాన్ని వాడేవాళ్లు లేరు. పేజీ తిప్పడం ఒక్క క్షణం ఆలస్యమైతే చాలు, "తిప్పు తాతా!" అని పిల్లలంతా గది ఎగిరిపోయేలా అరుస్తారు. అలా తిప్పుతాత అయ్యాడు. లైబ్రేరియన్ మేడమ్ కూడా ఒకసారి పెద్దల మీటింగులో నోరు జారి అలాగే పిలిచి నాలిక కరుచుకుంది.

ఆయన బతుకులో ఏదీ ఆయన ఏరి కోరి తెచ్చుకున్నది కాదు. చదువు ఎక్కడ ఆపాలో నాన్న చెప్పాడు, ఆపేశాడు. పిల్లను అక్క చూసొచ్చి "బాగుందిరా" అంది, తలూపాడు. గ్రంథాలయంలో పుస్తకాల మూటలు దించే పని మావగారు కుదిర్చిపెట్టాడు. ఇవాళ్టికీ ఏ చొక్కా వేసుకోవాలో భార్య మంచం మీద తీసి పెడుతుంది, అదే తొడుక్కుంటాడు. కూతుళ్లిద్దరూ తమ పెళ్లికొడుకుల్ని తామే చూసుకుని ఆయనకు ఆ బెడద కూడా లేకుండా చేశారు.

పిల్లల గది సంగతీ అంతే. మూటలు ఎత్తి ఎత్తి ఒకరోజు నడుం పట్టేస్తే, అప్పటి లైబ్రేరియన్ పెద్దాయన "ఇంక నీవల్ల కాదు గానీ, పోయి ఆ పిల్లల గదిలో కూర్చో" అన్నాడు. ఆ రోజుల్లో ఏ పనికీ పనికిరానివాళ్లనే అక్కడ కూర్చోబెట్టేవాళ్లు. తల కొట్టేసినట్టయింది. మర్నాడు ఊసుపోక ఒక బొమ్మల పుస్తకం తెరిచాడు. రెండు పేజీల నిండా పసుపుపచ్చటి గడ్డి, ఓ మూల మిడత. చిన్నప్పుడు ఆయన ఎరిగిన పుస్తకాల్లో ఇలాంటివి లేవు. ఆ మిడతను చూస్తూ ఎంతసేపు కూర్చున్నాడో తెలియదు, ఎవరో వచ్చి భోజనానికి రమ్మంటే ఉలిక్కిపడ్డాడు. ఆ పెద్దాయన పోయి చాలాకాలమైంది. ఇప్పటికీ గది తాళం తీస్తున్నప్పుడు ఆయన్ని తలుచుకుని మనసులోనే దండం పెట్టుకుంటాడు.

తను ఎంచుకోకపోయినా అన్నీ మంచివే దొరికాయి. భార్య మంచిది, పిల్లలు మంచివాళ్లు, ఇంతకంటే మంచి పని ఉంటుందని ఆయన అనుకోడు. నాకింత అదృష్టం ఎలా పట్టిందా అని ఆయనకే ఆశ్చర్యం. అయితే తనకు కలిసొచ్చింది కదా అని అందరికీ కలిసొస్తుందా? అందుకే గదిలో ఒక నియమం పెట్టుకున్నాడు. ఏ పుస్తకం కావాలో పిల్లలే తీసుకోవాలి. ఆయన తీసి ఇవ్వడు, పెద్దవాళ్లను తీయనివ్వడు.

పిల్లలు పుస్తకం ఎంచుకోవడం చూసి తీరాలి. ఒకడు అన్నిటికంటే లావుది మోసుకొచ్చి, దాని మీద కూర్చుని పక్కవాడి పుస్తకం చూస్తాడు. ఇంకొకడికి అల్మారాలో ఉన్నంతసేపు ఏదీ నచ్చదు, ఎవరి చేతిలోకైనా వెళ్లిందంటే అదే ప్రాణం. ఒక పిల్ల ముందు చివరి పేజీ తీసి, అందరూ క్షేమంగా ఇల్లు చేరారో లేదో చూసుకుని, చేరితేనే మొదటి పేజీకి వస్తుంది. అమ్మలకేమో తొందర. "అక్షరాలున్నది తీసుకో, నాలుగు ముక్కలు వస్తాయి" అంటారు. "వస్తాయిలే అమ్మా, ముందు బొమ్మలో కప్పని చూడనివ్వండి" అంటాడు తిప్పుతాత.

ఎటొచ్చీ ఒక్క పిల్ల దగ్గరే ఆయన పప్పులు ఉడకలేదు. నాలుగేళ్లుంటాయి. రోజూ మధ్యాహ్నం అమ్మమ్మ వేలు పట్టుకుని వస్తుంది. అల్మారా ముందు చేతులు వెనక్కి కట్టుకుని, కొట్లో అద్దాల వెనక వస్తువులు చూస్తున్నట్టు నిలబడుతుంది. "ఏది కావాలమ్మడూ?" అంటే ఒకటే జవాబు, "నువ్వే చెప్పు." ఇంటినిండా పెద్దవాళ్లు. ఆ పిల్ల నోరు తెరిచేలోగా ఎవరో ఒకరు అన్నీ చెప్పేస్తారు. ఆయన తన మనసులో ఆ పిల్లకు 'నువ్వేచెప్పు' అని పేరు పెట్టుకున్నాడు. చూస్తే తన్ను తాను చూసుకున్నట్టే ఉండేది. ఇన్నాళ్లూ ఆయన చెప్పలేదు, ఆ పిల్ల తీయలేదు. మిగతావాళ్లు తెచ్చిన కథలే విని ఉత్త చేతులతో ఇంటికి వెళ్లేది.

ఇవాళ ఆఖరు. ఆ పిల్ల నాన్నకు వేరే ఊళ్లో ఉద్యోగం. సామాను ముందే వెళ్లిపోయింది, ఇవాళ మనుషులూ వెళ్తున్నారు. ఆ సంగతి తెలిసినప్పటినుంచీ తిప్పుతాతకు ఒకటే ధ్యాస. వెళ్లేలోగా ఆ పిల్ల ఒక్క పుస్తకం, ఒక్కటంటే ఒక్కటి, తన చేత్తో తాను తీసుకోవాలి. ఆ తర్వాత ఏ ఊళ్లో ఏ అల్మారా ముందు నిలబడినా భయం ఉండదు.

మధ్యాహ్నం వాళ్లు వచ్చేసరికి చాప సగం నిండింది. అమ్మమ్మ రుమాలుతో మొహం తుడుచుకుని కిటికీ పక్క బెంచీ మీద కూలబడింది.

"ఇల్లంతా ఖాళీ అన్నయ్యా. కూర్చుందామంటే కుర్చీ కూడా లేదు. ఇదేమో తాత దగ్గరికి వెళ్లాలని పొద్దుటినుంచీ ఒకటే గొడవ."

పిల్ల అల్మారా ముందు నిలబడింది. చేతులు వెనక్కే ఉన్నాయి.

"ఏది కావాలమ్మడూ?"

"నువ్వే చెప్పు."

"నేను చెప్పనుగా."

"నేనూ చెప్పనుగా."

అమ్మమ్మకు నవ్వొచ్చింది. "ఏదో ఒకటి మీరే తీసి ఇచ్చెయ్యండి అన్నయ్యా. కార్డు పొద్దున్నే ఇచ్చేశాం, ఎలాగూ ఇంటికి పట్టుకెళ్లేది లేదు. చివరి రోజు కూడా ఏంటండీ ఈ పంతం?"

ఆ మాట ఆయనకు గుచ్చుకుంది. పంతమేనేమో. చెయ్యి అల్మారా దాకా వెళ్లింది కూడా. నక్కపిల్ల పుస్తకం ఒకటుంది, ఈ పిల్లకు నచ్చి తీరుతుంది. తీసి ఇచ్చేస్తే నవ్వుకుంటూ వెళ్తుంది, ఒక పనైపోతుంది. అయినా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"తొందరేం లేదమ్మడూ, చూస్తూ ఉండు" అన్నాడు. లోపల మాత్రం బోలెడు తొందరగా ఉంది.

ఈలోగా చాప మీదివాళ్లు ఎలుగుబంటి పుస్తకం తెచ్చి ఆయన ఒళ్లో పడేశారు. తిప్పుతాత చదివే పద్ధతి వేరు. స్టూలు మీద కూర్చుని, పుస్తకాన్ని మోకాళ్ల మీద నిలబెట్టి, బొమ్మలను పిల్లల వైపు పెడతాడు. తను పైనుంచి తొంగిచూస్తూ అక్షరాలను తలకిందులుగా చదువుతాడు. మొదట్లో తడబడేవాడు. ఇప్పుడు తిన్నగా ఉన్న పేపరు చదవమంటేనే ఇబ్బంది పడతాడని భార్య ఎగతాళి చేస్తుంది.

ఎలుగుబంటి గుహలోకి దూరే పేజీ దగ్గర ఆయన దగ్గాలి. పుస్తకంలో దగ్గు లేదు. ఎప్పుడో ఒక చలికాలం ఆ పేజీ దగ్గర ఆయనకు నిజంగానే దగ్గు వచ్చింది. విన్న పిల్లలు మర్నాడూ దగ్గమన్నారు. వాళ్లు పెద్దవాళ్లై వెళ్లిపోయారు, దగ్గు మాత్రం కథలో ఉండిపోయింది. మర్చిపోయి తిప్పబోతే "దగ్గలేదు! దగ్గలేదు!" అని కొత్తవాళ్లు పేజీ పట్టుకుంటారు.

ఇవాళ దగ్గి తలెత్తి చూస్తే చాప మీద నువ్వేచెప్పు లేదు. బెంచీ మీద అమ్మమ్మ పక్కన కూడా లేదు. మూల అల్మారా వెనక నుంచి చిన్న పాదం ఒకటి బయటికి కనిపిస్తోంది. ఏం చేస్తోందో! లేచి చూద్దామంటే ఎలుగుబంటి గుహలో ఉంది. చటుక్కున ముగించేద్దామని రెండు పేజీలు కలిపి తిప్పాడు.

"ఒకటి వదిలేశావ్! తేనె తాగలేదు!" అని చాప మొత్తం లేచి నిలబడింది.

వాళ్లను మోసం చేయడం ఎవరి తరం? వెనక్కి వెళ్లి ఎలుగుబంటి చేత బుద్ధిగా తేనె తాగించాడు. పుస్తకం మూసేసరికి బయట హారన్ మోగింది.

"బండి వచ్చేసింది. ఎక్కడున్నావే తల్లీ? తాతకి టాటా చెప్పు" అంటూ అమ్మమ్మ లేచింది.

తిప్పుతాత స్టూలు మీంచి లేచాడు. ఇంక అయిపోయింది, చేతులు వెనక్కి కట్టుకునే వెళ్లిపోతుంది అనుకున్నాడు.

పిల్ల అల్మారా వెనక నుంచి వచ్చింది. రెండు చేతులతో ఒక పుస్తకాన్ని గుండెకు హత్తుకుని ఉంది. పల్చటి పుస్తకం, బూడిద రంగు అట్ట. అక్షరాలు లేవని అమ్మలకూ, అట్ట మీద జంతువు లేదని పిల్లలకూ నచ్చక, కొన్ననాటి నుంచీ కొత్తగానే ఉండిపోయినది.

"ఇది" అంది.

"నువ్వే తీసుకున్నావా? ఎవరూ చెప్పలేదు కదా?"

పిల్ల తల అడ్డంగా ఊపింది. తిప్పుతాతకు కాళ్లు నేల మీద నిలవలేదు. "బండిని కాస్త ఆగమను చెల్లెమ్మా, ఒక్క అయిదు నిమిషాలు. ఇది చూపించి పంపిస్తాను" అంటూ గబగబా స్టూలు మీద సర్దుకుని చేతులు చాచాడు.

"నాకు కాదు" అంది పిల్ల. "నీకు."

"నాకా?"

"ఇందులో అక్షరాల్లేవు. నువ్వు ఇలా చెయ్యక్కర్లేదు." మెడ ముందుకు సాచి, గడ్డం కిందికి నొక్కి, కళ్లు మిటకరించి చూపించింది. అచ్చం తిప్పుతాతే. చాప మీదివాళ్లు పకపకా నవ్వారు. "ఇంటికెళ్లి తిన్నగా చూసుకో" అంది.

కింద కూర్చున్నవాళ్లకు తన మెడ ఎలా కనిపిస్తుందో ఆయన ఎన్నడూ అనుకోలేదు. ఈ పిల్ల పుస్తకాల వైపు చెయ్యి చాచడం లేదని తను దిగులు పడుతుంటే, ఆ పిల్ల ఇన్నాళ్లూ తనను చూస్తూ ఉంది. పుస్తకం అందుకున్నాడు.

మళ్లీ హారన్ మోగింది. "వస్తాం అన్నయ్యా. దీన్ని ఇన్నాళ్లూ భరించారు" అంది అమ్మమ్మ.

"అదే నన్ను భరించింది చెల్లెమ్మా."

పిల్ల టాటా చెప్పింది. గుమ్మం దగ్గర అమ్మమ్మ కుడిచెయ్యి పట్టుకోబోతే వెనక్కి లాక్కుని, "అది కాదు, ఇది" అంటూ ఎడమచెయ్యి ఇచ్చింది. బండి కదిలిన చప్పుడు కాసేపు వినిపించి వీధి చప్పుళ్లలో కలిసిపోయింది. "తాతా, కుందేలు!" అని ఎవరో ఒళ్లో ఇంకో పుస్తకం పెట్టారు. చదివాడు.

గది మూసే వేళకు ఆయన పుస్తకంతో మేడమ్ బల్ల దగ్గరికి వెళ్లాడు.

"ఎవరికిది?"

"నాకే మేడమ్."

"మీకా? ఇన్నేళ్లలో ఒక్క పుస్తకమైనా పట్టుకెళ్లారా మీరు?"

"ఎవరైనా తీసి ఇస్తేగా!" అన్నాడు నవ్వుతూ.

దారిలో మళ్లీ నవ్వొచ్చింది. ఆ పిల్లకు ఎంచుకోవడం నేర్పుదామని పంతం పట్టింది తను. తీరా చూస్తే ఈసారి కూడా తనకే ఎవరో ఎంచి పెట్టారు. నాన్న, అక్క, మావగారు, ఆ పెద్దాయన, భార్య, ఇప్పుడు ఈ నాలుగేళ్ల పిల్ల. ఒక్కరూ తప్పు ఎంచలేదు. వాళ్లందరినీ ఒకచోట కూర్చోబెట్టి ఎంత హాయిగా బతికానో చెప్పాలనిపించింది. ఆ పిల్ల ఉన్న బండి ఇప్పటికి ఊరు దాటి ఉంటుంది. అది తలుచుకుంటే దిగులేసింది, దిగులుతో పాటే సంతోషమూ వేసింది.

ఇంటి మెట్ల మీద ఇంకా వెలుతురుంది. "ఏంటండీ, పుస్తకం తెచ్చారు?" అంది భార్య.

"నాది. ఇలా వచ్చి కూర్చో."

ఇద్దరి మోకాళ్ల మీదికీ వచ్చేలా పుస్తకం తెరిచాడు. మొదటి బొమ్మలో గాలికి ఒక పెద్దమనిషి చేతిలోంచి గొడుగు ఎగిరిపోయింది. ఇళ్ల కప్పుల మీదుగా, ఆరేసిన బట్టల మీదుగా పోతోంది. "అయ్యో, దొరకదేమో పాపం" అంటూ భార్య పేజీ తిప్పబోయింది.

"ఉండు, నేనింకా చూడలేదు. ఆ కిటికీలో పిల్లి ఉంది చూడు" అన్నాడు. పిల్లి తిన్నగా ఉంది, కిటికీ తిన్నగా ఉంది. ఆయన తనివితీరా చూశాడు.

తర్వాతి పేజీ దగ్గర ఏదో అడ్డం తగిలింది. భార్య మెల్లగా విప్పి చూసింది. "ఇదేంటి, బిస్కెట్టు! పుస్తకంలో ఎవరు పెట్టారండీ?"

ఆయనకు అర్థమైంది. ఆపిన చోట పేజీ మూల మడవకండర్రా, గుర్తుకి ఏదైనా పెట్టుకోండి అని తనే పిల్లలకు చెబుతాడు. గదిలో ఏమీ తినకూడదని గోడ మీద రాసి ఉంది గానీ, అది చదవడం వచ్చినవాళ్లకు. ఆ అల్మారా వెనక పిల్ల ఒక్కతే కూర్చుని, తింటూ, ఎవరూ తిప్పకుండానే తనంతట తాను ఒక్కో పేజీ తిప్పుకుంటూ ఇక్కడిదాకా వచ్చింది. అప్పుడు హారన్ మోగింది.

"చీమలు పడతాయి, దులిపేస్తాను" అంది భార్య.

"వద్దు. ఉండనీ."

ఆయన గొంతు విని ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. పేజీ నిండా సముద్రం, పైన ఎగురుతున్న గొడుగు, దాని కింద నీలం నీళ్ల నడుమ, ఒక పక్క చిన్న చిన్న పంటిగాట్లు పడిన సగం బిస్కెట్టు.