సముద్రం వైపు నుంచి దారి

యూనివర్సిటీలో ఒక డిపార్ట్‌మెంటు జీపుకి డ్రైవరుగా కుదిరి సన్యాసిరాజుకి ఇంకా ఒక రోజైనా నిండలేదు. నిన్నటిదాకా పద్మనాభంలో ట్రాక్టరు తోలిన మనిషి. నిన్న పోర్టు దగ్గర మోటారు షెడ్డులో డిపార్ట్‌మెంటు సూపరింటెండెంటు భీమశంకరరావుగారు, "ఊళ్లో రోడ్లన్నీ తెలుసునా?" అని అడిగితే, "విశాఖపట్నం నాకు కొట్టిన పిండండీ" అనేశాడు. తెలిసిన రోడ్డల్లా గోపాలపట్నం నుంచి రైల్వే స్టేషను దాకా ఒకటే, అదీ బస్సు కిటికీలోంచి. ఉద్యోగం కావలసినవాడు ఆ మాత్రం అనకపోతే ఎలా? "నెల్లాళ్లు చూసి ఖాయం చేస్తాను. అబద్ధమాడితే మాత్రం ఆ రోజే ఇంటికి పంపేస్తాను" అన్నారాయన.

ఇవాళ రెండింటికి షెడ్డులో జీపు తాళాలు చేతికిచ్చారు. పని చిన్నదే. ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లి పైడయ్య అనే ఆయన్ని ఎక్కించుకుని, యూనివర్సిటీలో కొత్త బిల్డింగుకి మారిన డిపార్ట్‌మెంటు ఆఫీసుకి నాలుగింటిలోగా చేర్చాలి. హార్బర్ దొరకడానికి దారి తెలియక్కర్లేదు, ముక్కుంటే చాలు.

ఐసు ఫ్యాక్టరీ గోడ పక్కన ఉతికిన చొక్కాతో నిలబడి ఉన్నాడు పైడయ్య. యాభై దాటిన మనిషి. ఏడాది కిందట బోటు మీద తాడు బిగుసుకుని కుడిచేతి వేళ్లు మూడు నలిగిపోయాయి. వల లాగలేని చెయ్యి వేటకి పనికిరాదు కదా. సముద్రం మీద చదువులు చదివే ఆ డిపార్ట్‌మెంటువాళ్లు సొంత బోటు కొని, నీళ్లలో ఏ చోటు ఎక్కడుందో చూపించడానికి ఆయన్ని పెట్టుకుందామనుకున్నారు. ఇవాళ నాలుగింటికల్లా ఆఫీసులో వేలిముద్ర పడకపోతే ఆ పని జాబితాలో రెండోవాడికి పోతుంది.

"దారి తెల్సునా బాబూ?" అన్నాడు పైడయ్య.

"తెలీకేటి మామా, ఎక్కు."

అడిగి అడిగి ఎలాగో యూనివర్సిటీ ఉన్న మెట్ట మీదకి ఎక్కారు. పాత ఆఫీసుకి తాళం. తలుపు మీద సుద్దతో 'కొత్త బిల్డింగుకి మారినది' అని ఉంది. ఎటు మారిందో రాయాలని ఎవరికీ తోచలేదు. ఒక కుర్రాడు ఎడమ చెయ్యి చూపించాడు, ఇంకొకడు హాస్టళ్ల వెనకన్నాడు, మూడోవాడు "కొత్తవి నాలుగున్నాయండీ, ఏది కావాలి?" అని ఎదురు ప్రశ్న వేశాడు. నాలుగూ వెతికే వేళ లేదు. ఒకే టీ దుకాణం ముందు మూడోసారి జీపు వెళ్లేసరికి ఆ దుకాణదారు నవ్వి, టీ తాగి వెళ్లమన్నాడు. అప్పటికి మూడుంపావు.

"నీకు దారి తెలీదు కదేటి," అన్నాడు పైడయ్య. కోపంగా అనలేదు.

సన్యాసిరాజుకి తల కొట్టేసినట్టయింది. తను కొట్టుకున్న గొప్పకి పెద్దాయన నోటి దగ్గర కూడు పోయేలా ఉంది. "తెలీదు మామా," అన్నాడు.

"సముద్రం కాడికి తీసుకెళ్లు మరి."

"టైమైపోతంటే సముద్రవేటి?"

"పల్లానికి పోతే అదే వత్తాది. దానికి దారడగక్కర్లేదు."

బీచి రోడ్డు మీద జీపాపగానే పైడయ్య పంచె పైకి కట్టి మోకాలిలోతు నీళ్లలోకి దిగాడు. సముద్రానికి వీపు పెట్టి, ఒక కన్ను మూసి, ఊరికేసి చూశాడు. యారాడ కొండ ఎడమచేతి వైపు రావాలన్నట్టు కాస్త తిరిగాడు. ఆ తర్వాత ఒడ్డు వెంట పక్కకి అడుగులు వెయ్యడం మొదలుపెట్టాడు. సన్యాసిరాజు గడియారం చూసుకుంటూ వెనకాలే నడిచాడు.

"నీళ్ల మీద రోడ్లుండవు బాబూ. గట్టు మీద రెండు గురుతులు ఒకదానెనకాల ఒకటొచ్చినాయంటే మనం ఏ గీత మీదున్నామో తెలిసిపోద్ది. ఆ తెల్ల నీళ్ల ట్యాంకు నెత్తి మీదకి జంట తాళ్లు, ఆ తాటిచెట్లే, రావాల. ఆ తాళ్ల కిందే ఆఫీసు. గోడలు లేత్తన్నప్పుడు పొపెసరుబాబు నా బోటు మీంచి సూపించినారు."

ఎనభై అడుగులు వేశాక ఆగాడు. "ఇదిగో. ఇక్కణ్ణించి పైకి ముక్కుసూటిగా."

రోడ్డేమో ముక్కుసూటిగా పోదు. మలుపు వచ్చినప్పుడల్లా పైడయ్య జీపులోంచి సగం బయటికి వంగి తాళ్లని చూసుకుని, కుడి, ఎడమ చెప్పాడు. నాలుగవడానికి పది నిమిషాలుందనగా తాటిచెట్ల కింద కొత్త సున్నం వాసనేస్తున్న బిల్డింగు ముందు దిగారు.

భీమశంకరరావుగారు గోడ గడియారం చూశారు. "హార్బర్ నుంచి ఇంతసేపా? దారి తప్పారా?"

"నేదు బాబూ," పైడయ్యే అందుకున్నాడు. "నానే ఓపాలి సముద్రం సూసొత్తానని బీచికి పోనిమ్మన్నాను."

పని కోసం వచ్చి షికార్లా అన్నట్టు ఆయన మొహం చిట్లించి కాగితం తీశారు. "ఏడాదై వేటకెళ్లడం లేదు నువ్వు. చూపెలా ఉందో, గురుతులున్నాయో మరిచిపోయావో, ఈమధ్య చూసినవాళ్లెవరైనా ఇక్కడ రాసివ్వాలి. ప్రొఫెసరుగారు ఊళ్లో లేరు. ఈ గడి ఖాళీగా ఉంటే నేను సంతకం పెట్టలేను. ఎవరైనా ఉన్నారా?"

పైడయ్య ఒక్కసారి సన్యాసిరాజుకేసి చూసి తల దించుకున్నాడు. "ఎవురూ నేరు బాబూ."

గుమ్మం ఎదురుగానే ఉంది. బయటికెళ్లి జీపులో కూర్చుంటే సన్యాసిరాజుని అడిగేవాళ్లు లేరు. తల్లి రామలక్ష్మమ్మ ఈపాటికి కొడుక్కి గవర్నమెంటు జీపొచ్చిందని వీధి వీధంతా చెప్పేసి ఉంటుంది.  పైడయ్య నలిగిన చేతిని రెండో చేత్తో కప్పుకుని నిలబడి ఉన్నాడు. అది చూశాక సన్యాసిరాజు ఆగలేకపోయాడు.

"నాను సూశానండి," అన్నాడు. "దారి తప్పింది నానేనండి. ఊళ్లో రోడ్లు నాకు తెలీవు, మీకు అబద్ధం సెప్పాను. సముద్రంలో నిలబడి గురుతులు పట్టి ఈయనే నన్నిక్కడికి తీసుకొచ్చినాడు. లేకపోతే ఇంకా టీ కొట్టు సుట్టూ తిరుగుతా ఉండేవోళ్లం."

 భీమశంకరరావుగారు కాగితం తిప్పి అతని ముందుకి తోశారు. "చూసింది చూసినట్టు రాయి."

సన్యాసిరాజు కూడబలుక్కుంటూ మూడు వరుసలు రాశాడు. కింద పేరు రాశాక, హోదా అన్న గడి దగ్గర కలం ఆగిపోయింది.

"ఇక్కడ డ్రైవరని రాయొచ్చాండి?"

ఆయన గడియారంకేసి చూశారు. నాలుగవడానికి ఇంకా రెండు నిమిషాలుంది.

"ఇవాళ్టికి రాయి," అన్నారు, వేలిముద్ర సిరా పైడయ్య ముందుకి జరుపుతూ.

రాశాడు.