పదకొండు మంది కెప్టెన్లు

గెన్నాదీ లుకిన్ వోల్గా ఒడ్డున ఒక చిన్న ఊరి క్లబ్బుకి పదకొండేళ్లు డిఫెండర్‌గా ఆడాడు. రష్యాలోనే ఆయన పేరు తెలిసినవాళ్లు తక్కువ. మోకాలు పాడయ్యాక, నర్సుగా పనిచేసే భార్యతో అమెరికాలో టెక్సస్‌లోని ఫ్రిస్కో వచ్చి, ప్రెయిరీ కైట్స్ అనే పిల్లల సాకర్ క్లబ్బులో కోచ్‌గా చేరాడు. క్లబ్ ప్రెసిడెంట్ కృష్ణమోహన్ జన్మలో బంతిని తన్ని ఎరగడు గానీ, పవర్‌పాయింట్‌లో జట్టును చాలాసార్లు గెలిపించాడు. "యూరోపియన్ ప్రొఫెషనల్ అండీ, మన పిల్లల్ని ట్రెయిన్ చేస్తున్నాడు" అని ప్రతి బర్త్‌డే పార్టీలోనూ చెప్పుకునేవాడు.

చిక్కల్లా గెన్నాదీకి నిజం చెప్పే అలవాటు ఉండడమే. పేరెంట్స్ మీటింగులో కృష్ణమోహన్ తన కొడుకు అర్జున్ ఆట ఎలా ఉందని అడిగాడు.

"మంచి పిల్లవాడు. పరుగెత్తడు. బంతి వస్తే దారి ఇస్తాడు" అన్నాడు గెన్నాదీ. "ఈ జట్టులో ఆడేది రియా ఒక్కతే."

రియా తల్లి బిందుమాధవి నవ్వు దాచుకోవడానికి ఫోన్‌లోకి చూసుకుంది. మిగతావాళ్లంతా కృష్ణమోహన్ ముఖంలోకి చూశారు.

వారం తిరక్కుండా కమిటీ కూర్చుంది. "ఫైర్ చేస్తే బాగుండదండీ, ఆన్‌లైన్‌లో రివ్యూలు రాస్తారు. ప్రమోట్ చేసేద్దాం" అన్నాడు కృష్ణమోహన్.

అలా గెన్నాదీ డైరెక్టర్ ఆఫ్ ప్లేయర్ డెవలప్‌మెంట్ అయ్యాడు. ఒక గది, తిరిగే కుర్చీ, మెడలో వేసుకునే కార్డు ఇచ్చారు. మైదానంలోకి మాత్రం రానక్కర్లేదన్నారు.

మొదటి నెలంతా కిటికీలోంచి ప్రాక్టీసు చూస్తూ రష్యన్‌లో గొణుక్కున్నాడు. రెండో నెలలో కుర్చీని అటు తిప్పడం మానేశాడు. టెక్సస్ ఎండలో గొంతు పోయేలా అరిచిన మనిషికి ఏసీ గది రుచి తెలిసింది. "బంతి లేని చోటును పసిగట్టే అరుదైన శక్తి అర్జున్‌లో ఉంది" అని రిపోర్టు రాశాడు. కృష్ణమోహన్ మురిసిపోయి దాన్ని వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. దాంతో అందరూ తమ పిల్లలకీ అలాంటిదే కావాలన్నారు. గెన్నాదీ అందరికీ రాసిచ్చాడు. ఎవరూ నొచ్చుకోకుండా ఒకే జట్టుకి పదకొండు మంది కెప్టెన్లను కూడా నియమించాడు. తర్వాతి మ్యాచ్‌లో టాస్‌కి కెప్టెన్‌ని రమ్మంటే పదకొండు మందీ వెళ్లి రిఫరీ చుట్టూ నిలబడ్డారు. టాస్ గెలిచారు. మ్యాచ్ ఏడు గోల్స్ తేడాతో ఓడారు.

మర్నాడు రియా బంతి పట్టుకుని ఆయన గదికి వచ్చింది.

"కోచ్, మీరు మళ్లీ ప్రాక్టీస్‌కి రారా? కొత్తాయన మాకు అన్నిటికీ వెరీ గుడ్ అంటున్నాడు. నేను తప్పు చేసినా అంతే."

ఆమె చేతిలోంచి జారిన బంతి బల్ల కిందికి దొర్లింది. గెన్నాదీ పాదం దాన్ని దానంతటదే ఆపింది. అరికాలితో అటూ ఇటూ ఆడించి, కాసేపటికి ఆమె వైపు మెల్లగా నెట్టాడు.

"దానికి ఒక ఫారం ఉంది. ఫిల్ చేసి కమిటీకి పంపు."

"అంటే రారు."

"కమిటీ చూస్తుంది."

రియా ఫారం నింపలేదు. పక్క ఊరు ప్లేనోలోని మరో క్లబ్బులో చేరింది. వసంతంలో ఆ జట్టు టోర్నమెంటు గెలిచింది. మూడో రోజున ప్రెయిరీ కైట్స్ వెబ్‌సైట్ మీద రియా ఫొటో, దాని కింద "డైరెక్టర్ లుకిన్ తీర్చిదిద్దిన ఆణిముత్యం" అన్న మాట వచ్చాయి.

బిందుమాధవి కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. "ఫొటో తీసేయండి. మా అమ్మాయికి మీరు చేసిందేముంది?"

"ఎడమ కాలితో పాస్ ఇవ్వడం ఈయనే నేర్పారు మమ్మీ" అంది రియా. "కోచ్‌గా ఉన్నప్పుడు."

గెన్నాదీ చెవులు ఎర్రబడ్డాయి. ఏదో చెప్పబోయి, తలుపు దగ్గర కృష్ణమోహన్ కనబడగానే సర్దుకుని క్యాలెండర్ తెరిచాడు.

"వెబ్‌సైట్ సబ్‌కమిటీ ఆగస్టులో కూర్చుంటుంది మేడం. మీ రిక్వెస్ట్ వాళ్ల ముందు పెడతాను."

ఆగస్టులో అందరూ వెకేషన్‌కి వెళ్లడంతో కోరం లేక మీటింగు వాయిదా పడింది.